ఒకటిన్నర నిమ్మకాయ

ముదిగుబ్బ మేరాజ్ బీ ఒకసారి తన ఇంటి అరుగు మీద కూర్చుని గాలితుపాకి పేల్చితే, ఆ గుండు బత్తలపల్లె దాటి, దారిలో తిరుగుతున్న రెండు గాలిమరల రెక్కల సందుల్లోంచి దూరి, ధర్మవరంలో మగ్గం మీద ఉన్న పట్టుచీర అంచులో నెమలికి సరిగ్గా కంటిపాప దగ్గర చిల్లు పెట్టింది. నేసేవాడు ఆ చిల్లు చూసి, ఇదేదో కొత్త రకం పనితనం అనుకుని, ఇంకో పది చీరలకు అట్లాగే పెట్టాడట. అబద్ధం అనుకునేవాళ్ళు ముదిగుబ్బ బస్టాండులో ఒక టీ తాగి చూడండి. అక్కడ దీనికన్నా పెద్దది చెబుతారు.

మేరాజ్ బీకి యాభై ఆరేళ్ళు. మనిషి సన్నం, మాట ఇంకా సన్నం. ఇంటాయన పోయినప్పటినుంచి ఉరుసులూ తిరునాళ్ళూ తిరుగుతూ బెలూన్ల పలక పెడుతుంది. పలక అంటే నల్లగుడ్డ కట్టిన చెక్కచట్రం. దాని మీద వరసకు ఎనిమిది చొప్పున ఆరు వరసల బెలూన్లు. ఎదురుగా ఐదు అంగల దూరంలో ఒక బల్ల, బల్ల మీద తుపాకి. గురి తప్పిన ప్రతి మగవాడూ తుపాకి గొట్టం వంకర అని ఒక మాట అంటాడు. మేరాజ్ బీ ఆ తుపాకి అందుకుని, అతను కొట్టలేని బెలూనే పేల్చి, మాట్లాడకుండా తిరిగి బల్ల మీద పెడుతుంది. అంతకన్నా పెద్ద తిట్టు ఆ చుట్టుపక్కల మండలాల్లో ఇంకా పుట్టలేదు.

ఆమెకు ఏడాదిలో పెద్ద పండగ చింతలగుట్ట దర్గా ఉరుసు. నల్లమాడ దాటాక, ఎర్రమట్టి దారిలో, చెనిక్కాయ చేల మధ్య ఉంటుంది ఆ గుట్ట. గుట్ట కింద గేటు పక్కన ఒక వేపచెట్టు. ఆ చెట్టు కింద పలక పెట్టినవాళ్ళకు మూడు రోజులూ తీరిక ఉండదు. అక్కడ ఇంకో పలకకు చోటు లేదు. రెండో పలక పెట్టేవాళ్ళు జెయింట్ వీల్ వెనక జనరేటర్ పక్కకు పోవాలి. అక్కడికి దారి తప్పిన పిల్లవాడి కోసం వెతికేవాళ్ళు తప్ప ఎవరూ రారు. వచ్చినా ఆ చప్పుడులో బెలూను పేలిందో లేదో తెలియదు.

ఆ వేపచెట్టు నీడ ఎవరిదో తేల్చడానికి పలకలవాళ్ళు చీటీలు వేయరు, కొట్లాడరు. ఉరుసు మొదలయ్యే రోజు పొద్దున వెదురుబొంగుకు దారం కట్టి, దారానికి నిమ్మకాయ వేలాడదీస్తారు. నలభై అంగలు. ఎవరి తుపాకి వాళ్ళది. పోయినేడు నీడలో ఉన్నవాళ్ళు ముందు, అడిగేవాళ్ళు తరువాత, వంతులవారీగా మూడేసి దెబ్బలు. ముందు కాయకు తగిలించినవాళ్ళది నీడ. ఎవరికీ తగలకపోతే పోయినేటివాళ్ళదే. దర్గా పెద్ద బుడేన్ సాబ్ సాక్షి. తాతలు పెట్టిన ఈ పద్ధతి మీద ఇంతవరకు ఎవరూ కోర్టుకు పోలేదు.

పదకొండేళ్ళు ఆ నీడ మేరాజ్ బీదే. తరువాత రెండేళ్ళు బత్తలపల్లె ఓబన్నది. ఆమె చెయ్యి వణికి కాదు. దూరాన నిమ్మకాయ బాగానే కనబడుతుంది, తుపాకి కొసన ఉన్న గురిమొటిమే రెండుగా కనబడుతోంది. రెంటిలో ఏది నిజమో తెలియక మధ్యన కొడితే, మధ్యన గాలి ఉంటుంది కదా.

పోయినేడు ఓడినప్పుడు ఓబన్న దగ్గరకు వచ్చి ప్రేమగానే అన్నాడు.

“ఎందుకక్కా ఈ వయసులో అవస్థ? నీ పలక నాకిచ్చెయ్. నా బల్ల పక్కనే నీకు కుర్చీ ఏయిస్తా. బెలూన్లు ఊదుకుంటా చల్లగా కూచుందువు.”

“వచ్చేయేడు గూడా ఓడిపోతే ఇస్తా పో” అంది మేరాజ్ బీ. కోపంలో అన్న మాట. అయితే బుడేన్ సాబ్ విన్నాడు, ఇంకో నలుగురు విన్నారు. ఆమె ఆడిన మాట తప్పే మనిషి కాదు. ఆ ఏడాదంతా ఒక్కో బెలూను ఊదేటప్పుడు ఆమెకు ఓబన్న కుర్చీయే కళ్ళ ముందు కనబడేది. ఇంకొకరి పలకకు బెలూన్లు ఊదడం! తన ఊపిరి, వాళ్ళ పేరు.

అందుకే ఈ ఏడాది ఉరుసుకు నెల ముందు, బస్టాండులో ఫోన్లు బాగుచేసే తిప్పేష్ ఒక నల్లటి గొట్టం పట్టుకుని వస్తే తలుపు తీసింది. లేకపోతే తిప్పేష్‌కు ఆమె తలుపు తీయదు. వాడికి తెలియని విషయం లేదు, తెలిసిన విషయమూ లేదు.

“దుర్బిణి, పెద్దమ్మా! తుపాకి మీద బిగించేది. గాలిమర రెక్కలు దగ్గరగా చూద్దామని తెప్పించుకున్నా. మూడు దినాలు చూసినా. తిరుగుతానే ఉండాయి. నీకిచ్చేస్తా.”

“నాకెందుకప్పా?”

“కొసన మొటిమ చూసే పనే లేదు. కన్ను ఈడ పెట్టు, కాయ ఆడ కనబడ్తాది. మధ్యన గీతల కూడలి. కూడలి కాయ మీద పెట్టు, నొక్కు. అంతే!”

అంతే అని తిప్పేష్ ఎప్పుడు అన్నా, అక్కడినుంచే కష్టాలు మొదలవుతాయి.

బిగించారు. ఇంటి వెనక బీడులో పలక నిలబెట్టి, దానికి నిమ్మకాయ కట్టి, మంచం అంచున మోచెయ్యి ఆనించి మేరాజ్ బీ కన్ను పెట్టింది. పెట్టి, ఉలిక్కిపడి వెనక్కు జరిగింది. నిమ్మకాయ ముక్కు మీదకు వచ్చినట్టుంది. తొక్క మీది గుంటలు కూడా లెక్కపెట్టవచ్చు. గొట్టం మీద ఒక కంకణం, దాని మీద మూడునుంచి తొమ్మిది వరకు అంకెలు. తిప్పేష్ దాన్ని తొమ్మిదికి తిప్పాడు. తెచ్చిందే చూడడానికి కదా, తక్కువ చూడడం దేనికి అని వాడి లెక్క. లోపల నిలువుగీత మీద కూడలికి కింద వరసగా చుక్కలున్నాయి. అవి దేనికో వాడికి తెలియదు. అందంకోసం అన్నాడు.

అందంకోసం కాదని మేరాజ్ బీకి రెండు రోజుల్లో తెలిసింది. తుపాకి గుండు దూరం పోయేకొద్దీ కిందికి వాలుతుంది. ముప్పై ఏళ్ళ చెయ్యి కాబట్టి అది ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇరవై అంగలకు కూడలి కాయ మీద పెడితే సరిగ్గా తగిలింది. ముప్పైకి కిందికి పోయింది. కూడలికి బదులు కింది మొదటి చుక్కను కాయ మీద పెట్టింది. అట్లా పెడితే గొట్టం కొస కొంచెం పైకి లేస్తుంది. తగిలింది. నలభైకి రెండో చుక్క. తగిలింది. ఇరవైకి కూడలి, ముప్పైకి ఒకటో చుక్క, నలభైకి రెండో చుక్క. కలిమా చదివినట్టు మనసులో చదువుకుని, ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువే తింది.

మరునాడు పొద్దున నలభై అంగలనుంచి రెండో చుక్క పెట్టి కొట్టింది. గుండు కాయకు నాలుగు వేళ్ళు పైన పలకకు గుచ్చుకుంది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అక్కడే. ఇరవైకి వచ్చి కూడలితో కొడితే మాత్రం కాయ పగిలింది.

ఆ మరునాడు అంతా సరిగ్గా తగిలింది. దాని మరునాడు మళ్ళీ నాలుగు వేళ్ళు పైకి.

ఇక్కడినుంచి మేరాజ్ బీ బుర్ర పనిచేయడం మానేసింది. గాలి అనుకుంది. గాలి పక్కకు తోస్తుంది గాని రోజు విడిచి రోజు పైకి తోస్తుందా? గుండ్లు మార్చింది. దారం మార్చింది. కాయలు మార్చింది, ఆ వారం ఆ ఇంట్లో పులిహోర తప్ప ఇంకొకటి లేదు. దిష్టి తగిలిందని తుపాకికి మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. తుపాకికి ఏమీ కాలేదు, దగ్గు మాత్రం వచ్చింది. చివరకు, కాయ కూడా ఒకరోజు పెద్దగా, ఇంకోరోజు చిన్నగా కనబడుతుంటే, తన కన్నే ఒకరోజు ఒక మాట, ఇంకోరోజు ఇంకో మాట చెబుతోందని, గడపలో కూర్చుని చాలాసేపు ఎడమకన్ను మూసి, కుడికన్ను మూసి, ఎదురింటి గోడను చూసింది. గోడ కదలలేదు.

సంగతి బయటపెట్టింది పక్కింటి సుంకమ్మ. నలభై గొర్రెలు మేపుకునే మనిషి. ఒక సాయంత్రం వచ్చి, సొంత ఇంట్లో వస్తువు తీసుకున్నట్టు, గుండు లేని ఆ తుపాకి తీసుకుని, గొట్టంలోంచి గుట్టవైపు చూస్తూ నిలబడింది.

“ఏం జేస్తాండావు సుంకమ్మా?”

“గొర్రెలు చూసుకుంటాండా. తప్పిపోయినప్పుడంతా దీంట్లోనే చూస్తా కదక్కా. మంచి సామాను.”

“ఆ కంకణమేంటికి తిప్పుతాండావు?”

“పెద్దంకె పెడితే ఒక గొర్రె మూతి కనబడ్తాది. నాకు మూతెందుకు? మంద కావల్ల. చిన్నంకెకు తిప్పితే గుట్టంతా కనబడ్తాది. తిప్పకూడదా ఏంది?”

గొర్రె తప్పిపోయిన రోజుల్లో సుంకమ్మ తిప్పింది. తప్పిపోని రోజుల్లో తిప్పేష్ వచ్చి మళ్ళీ తొమ్మిదికి పెట్టిపోయాడు. వారం రోజుల దయ్యం దొరికింది. అయితే ఆ దయ్యం ఎట్లా పట్టిందో మాత్రం తెలియలేదు. చూపు పెద్దదైతే, చిన్నదైతే, గుండుకేం పట్టింది? గుండు పోయేది గొట్టంలోంచి గదా, అద్దంలోంచి కాదు.

కావాలనే పరీక్ష పెట్టారు. తొమ్మిది మీద రెండో చుక్క: కాయకు తగిలింది. సుంకమ్మ తిప్పే చోట, నాలుగుకూ ఐదుకూ మధ్యన పెట్టి అదే రెండో చుక్క: నాలుగు వేళ్ళు పైకి. తిప్పేష్ ముఖం వెలిగిపోయింది.

“తెలిసిపాయె పెద్దమ్మా! ఫోన్లో జూమ్ చేస్తే బ్యాటరీ అయిపోదా? ఇదీ అంతే. దూరం కాయను దగ్గరికి లాగల్లంటే తుపాకికి బలం ఖర్చయితాది. తొమ్మిదిలో అలసిపోతాది, గుండు వాలిపోతాది. నాలుగులో ఖర్చు తక్కువ. బలంగా పైకి పోతాది!”

వినడానికి ఎంత బాగుందంటే, సుంకమ్మ వెంటనే నమ్మింది. మేరాజ్ బీ కూడా ఒక పూట నమ్మింది. పాపం అలసిపోతుందని, రాత్రికి దాన్ని మూడు మీద పెట్టి పడుకోబెట్టింది కూడా. పొద్దున నీళ్ళు కాగబెడుతుంటే ఒక సందేహం పొయ్యి దగ్గరే పట్టుకుంది. పొయ్యి అట్లాగే వదిలి, బీడులోకి పోయి, ఇరవై అంగలనుంచి కూడలితో ఒకటి తొమ్మిదిలో కొట్టింది, ఒకటి నాలుగులో కొట్టింది. రెండు గుండ్లూ ఒకే చిల్లులో పోయాయి. అలసిన తుపాకీ, అలవని తుపాకీ ఒకే చోట ఎట్లా కొడతాయి?

“దగ్గర కదా పెద్దమ్మా, అలుపు తెలీదు” అన్నాడు తిప్పేష్.

“నీ దగ్గర ఫోన్లు బాగుచేయించుకునేవాళ్ళకు అల్లా దిక్కు” అంది మేరాజ్ బీ.

ఉరుసు వచ్చేసింది. ఆమె ఒక్క తీర్మానం చేసుకుని బయలుదేరింది. తొమ్మిది, రెండో చుక్క. ఎందుకని అడక్కూడదు. అడిగితే బుర్ర తిరుగుతుంది.

చింతలగుట్ట కింద బుడేన్ సాబ్ తెల్లటోపీ పెట్టుకుని, వెదురుబొంగు పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. వెనక మట్టికట్ట. నలభై అంగలు ఆయన కాళ్ళతోనే కొలిచారు. ఆయన కాళ్ళు పొడవు, ఆ సంగతి మీద మాత్రం ప్రతి ఏడాదీ గొణుగుడు ఉంటుంది. ఓబన్న దుర్బిణి చూసి నవ్వాడు.

“ఏమక్కా, కాయను కొడతావా, ఫోటో దీస్తావా?”

“ముందు నువ్వు కొట్టప్పా.”

ఓబన్న కొట్టాడు. కాయ ఊగింది గాని గాలికి. మేరాజ్ బీ వంతు. నిలబడే కాల్చాలి, మంచం ఆనుకునే వీలు లేదు. కన్ను పెట్టింది. తొమ్మిదిలో కాయ గుమ్మడికాయంత ఉంది, కాని నిలవడం లేదు. అంత దూరం నడిచి వచ్చిన గుండె కొట్టుకుంటుంటే కాయ పైకీ కిందికీ, ఊపిరి తీస్తే పక్కకూ ఎగురుతోంది. పెద్దగా చూపించే అద్దం వణుకును కూడా పెద్దగానే చూపిస్తుంది. నొక్కింది. వెదురుకు ‘టక్’ మని తగిలింది.

“బొంగు కాదక్కా, కాయ!” అన్నాడు ఓబన్న. తన రెండోది కొట్టాడు, వెంట్రుకవాసిలో తప్పింది. ఆమె రెండోది ఇంకా ఎక్కువసేపు పట్టుకుంది. పట్టుకునేకొద్దీ చెయ్యి బరువెక్కింది, కాయ ఇంకా ఎగిరింది. గుండు మట్టికట్టలో ఎక్కడో పడింది. ఎక్కడో ఎవరికీ తెలియలేదు.

ఓబన్న మూడోది దారానికి తగిలింది. దారం తెగలేదు, కాయ గిర్రున తిరిగింది. అతను చెయ్యి ఊపేసి పక్కకు వచ్చాడు. భయమేమీ లేదు. ఎవరికీ తగలకపోతే నీడ అతనిదే. పలక కూడా అతనిదే. అతని మనిషి అప్పుడే వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. ఎర్ర కుర్చీ.

మేరాజ్ బీ ఆ కుర్చీని చూసింది.

“నాలుగుకు తిప్పు పెద్దమ్మా! బలం!” అని తిప్పేష్ అరిచాడు.

“నోరు ముయ్ రా” అంది సుంకమ్మ. “అక్కా, ఎగురుతాంటే చిన్నది చేసుకో. మంద మాదిరి చూడు.”

చిన్నది చేస్తే ఎగరదు. చిన్నది చేస్తే నాలుగు వేళ్ళు పైకి పోతుంది. చేయకపోతే తగలదు, చేస్తే తగలదు. ఆ ఎండలో మేరాజ్ బీ తల కుమ్మరిసారె మాదిరి తిరిగింది. తుపాకి దించకుండానే, కన్ను తీయకుండానే, ఎడమచేత్తో కంకణం మెల్లగా వెనక్కు తిప్పడం మొదలుపెట్టింది.

ఇంతవరకు ఆమె ఎప్పుడూ చూస్తూ తిప్పలేదు. తిప్పి చూసింది, చూసి తిప్పింది. చూస్తూ తిప్పితే కనబడింది: కాయ చిన్నదవుతోంది. వెదురు సన్నబడుతోంది. మట్టికట్ట ముడుచుకుంటోంది. చుక్కలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి, ఉన్నంతే ఉన్నాయి. లోకమంతా కుదించుకుపోతుంటే ఆ చుక్కల మధ్య సందు ఒక్క పోగు కూడా తగ్గలేదు.

మళ్ళీ ముందుకు తిప్పింది. తొమ్మిదిలో కూడలినుంచి రెండో చుక్కదాకా ఎన్ని కాయలు పడతాయి? ఒకటిన్నర. అంటే గుండు నలభై అంగలకు ఒకటిన్నర నిమ్మకాయ కిందికి వాలుతుంది. కంకణం ఎక్కడ ఉన్నా వాలేది అంతే. గుండుకు అంకెలు రావు. మరి చిన్నది చేసినప్పుడు రెండు చుక్కల్లో మూడు కాయలు పట్టేస్తాయి. మూడు కాయలు పైకెత్తి కొడితే పైకి పోక ఎక్కడికి పోతుంది?

ఇది బడి లెక్కల పుస్తకంలో ఉందంటారు. ఆ పుటదాకా పోయినవాళ్ళు చెప్పాలి.

అంకె చూడలేదు. కూడలికీ మొదటి చుక్కకూ మధ్యన ఒకటిన్నర కాయ సరిగ్గా పట్టేదాకా తిప్పి ఆపింది. కాయ ఇప్పుడు రేగుపండంత ఉంది, బుద్ధిగా వేలాడుతోంది. మొదటి చుక్క కాయ మీద పెట్టింది. ఊపిరి సగం వదిలి, మిగతా సగం తనకోసం ఉంచుకుని, నొక్కింది.

కాయ ఎగిరింది. ఎట్లా ఎగిరిందంటే, గుట్ట మీది దర్గా మినారును ఒక చుట్టు చుట్టి, జెయింట్ వీల్‌లో ఒక తొట్టి ఎక్కి దిగి, బుడేన్ సాబ్ గడ్డంలో వచ్చి పడింది. దాని రసం చింది జనరేటర్ తుప్పంతా వదిలింది. గింజలు రాలినచోట సాయంత్రానికి మొలకలు లేచాయి. ఆరేళ్ళుగా వాన ఎరగని ఆ నేల మీద మొలకలు చూసి మబ్బుకు సిగ్గేసి, మరునాడు తుంపర కూడా పడింది.

ఓబన్న ఒప్పుకోలేదు. బుడేన్ సాబ్ దగ్గరకు పరుగెత్తి, గడ్డంలోంచి కాయను తీసి చూశాడు.

“నడుమ తగల్లేదు సాబ్! అంచుకు గీసుకుని పోయింది!”

బుడేన్ సాబ్ కాయ మీద వేలు రాసి, వాసన చూసి, నాలుకకు అంటించుకున్నాడు.

“నిమ్మకాయకు అంచేంది, నడుమేంది ఓబన్నా? పులుపు వచ్చింది. నీడ మేరాజ్‌ది.”

తిప్పేష్ పరుగున వచ్చి కంకణం చూశాడు. నాలుగుకూ ఐదుకూ సరిగ్గా మధ్యన ఉంది. “చూసినారా, నేను చెప్పలా? నాలుగులోనే బలం!” అని ఊరంతా చాటాడు. ఇప్పటికీ చాటుతూనే ఉన్నాడు. మేరాజ్ బీ వాడికి నిమ్మకాయల లెక్క రెండుసార్లు చెప్పింది. మొదటిసారి తల ఊపాడు, రెండోసారి ఫోను వచ్చింది.

ఎర్ర కుర్చీ వేపచెట్టు కిందే ఉండిపోయింది. దాన్ని తీసుకుపోవడానికి ఓబన్న వస్తే, “ఉండనీప్పా, కాళ్ళు నొచ్చినప్పుడు వచ్చి కూచో. బెలూన్లు నేనే ఊదుకుంటాలే” అంది మేరాజ్ బీ. మూడు రోజులూ పలక ముందు జనం విరగబడ్డారు. ఎనిమిదికి ఆరు పలక చాలక ఆకాశానికి బెలూన్లు కట్టారు. మేరాజ్ బీ ఒక్కతే కళ్ళకు గంతలు కట్టుకుని, వెనక్కు తిరిగి, నాలుగు వందల అంగలనుంచి ఒకే గుండుతో అన్నీ పేల్చింది.

ఇదంతా రాసి, చదివి వినిపిస్తే, మేరాజ్ బీ చేతిలో బెలూనుకు ముడి వేసి పక్కన పెట్టి ఇంతే అంది:

“ధర్మవరం యాడ, నేను యాడ? నలభై అంగలే. రెండుసార్లు తప్పింది. మూడోసారి తగిలింది, అదీ అంచుకు.”